తరగతి గదిలో గీసిన గుర్తులు

1923 వేసవి చివర జర్మనీలో రొట్టె ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. జీతం చేతిలో పడగానే జనం బజారుకు పరుగెత్తేవారు. కాస్త ఆలస్యమైతే ఆ డబ్బుకు ఏమీ వచ్చేది కాదు. కేంద్ర బ్యాంకు ఎన్ని నోట్లు అచ్చువేసినా చాలక రాష్ట్రాలు, నగరాలు, చివరికి ఫ్యాక్టరీలు కూడా సొంతంగా అత్యవసర నోట్లు వేసుకోవలసి వచ్చింది. తురింగియా రాష్ట్ర బ్యాంకు తన నోట్ల డిజైన్ పనిని వైమార్ పట్టణంలో చదువుకుంటున్న 23 ఏళ్ల కుర్రాడికి అప్పజెప్పింది. అతని పేరు హెర్బర్ట్ బేయర్. చదువుతున్నది బౌహౌస్‌లో.

బేయర్ గీసిన నోట్లు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. వాటి మీద రాజుల తలలు లేవు, పూలతీగెల అల్లికలు లేవు. పది లక్షలు, ఇరవై లక్షలు మొదలుకొని కోట్ల మార్కుల దాకా పెద్ద పెద్ద అంకెలు, సోకుల్లేని దిట్టమైన అక్షరాలు, నిలువు పట్టీలు, అడ్డ పట్టీలు. ఎంత విలువ నోటో దూరం నుంచే తెలియాలి, ప్రెస్సులో ఆగకుండా దిగాలి. ఈ రెండు అవసరాలూ ఆ కాగితం మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నోట్లు చలామణీలోకి వచ్చేసరికే ధరలు మళ్ళీ ఎగబాకి, ఇంకా పెద్ద అంకెల నోట్లు కావలసి వచ్చాయి. ఒక కాలేజీ విద్యార్థి చేసిన పని ఆ రాష్ట్రంలో ప్రతి కూరగాయల బండి దగ్గరా చేతులు మారింది.

డిజైన్ కాలేజీలో విద్యార్థి చేసే ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం గురువుల జ్యూరీ అయ్యాక చుట్టగా చుట్టి మంచం కిందికో, బీరువా పైకో చేరతాయి. కొన్ని మాత్రం గడప దాటి కోట్ల మంది కళ్ళ ముందుకు వెళ్ళాయి. దూరదర్శన్ కన్ను, నైకీ బూట్ల మీది గీత, చెత్తడబ్బాల మీది మూడు బాణాలు, రూపాయి గుర్తు, అన్నీ విద్యార్థుల చేతి పనే. వీటిని అదృష్టం ఖాతాలో వేసేయడం అన్యాయం. వీటిలో చాలావాటి వెనుక వందేళ్ల పాటు గురువు నుంచి శిష్యుడికి, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి చేతులు మారిన ఒక బోధన పద్ధతి ఉంది. ఆ పద్ధతి కథ చెబుతూ, గీసినవారి పేర్లనూ వరసగా చెప్పుకోవాలి. ఎందుకంటే గుర్తులు తెలిసినంతగా ఆ పేర్లు జనానికి తెలియవు.

బౌహౌస్‌కు ముందు కళాశాలల్లో చదువంటే నకలు తీయడమే. 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ పెట్టిన బడి, 1857లో బొంబాయిలో మొదలైన జె.జె. స్కూలు లండన్ ఒరవడినే పట్టుకున్నాయి. ముందు గీతలు, తర్వాత నీడలు, ఆ తర్వాత గ్రీకు శిల్పాల పోతపోసిన సున్నపు బొమ్మల్ని ఎదురుగా పెట్టుకుని యథాతథంగా దించడం. చేయి తిరగడానికి అది పనికొచ్చేది. కొత్తది ఆలోచించమని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

1919లో వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ లలితకళల అకాడెమీని, చేతిపనుల బడిని కలిపి బౌహౌస్ స్థాపించాడు. అక్కడ చేరిన ప్రతివారూ ముందు ఆరు నెలల ప్రారంభ కోర్సు దాటాలి. దాన్ని మొదట నడిపినవాడు యోహానెస్ ఇట్టెన్. పాఠానికి ముందు ఊపిరి తీసి వదిలే కసరత్తులు చేయించేవాడు. వెలుగు పక్కన చీకటి, గరుకు పక్కన నునుపు, మెత్తన పక్కన గట్టి, ఇలా ఎదురెదురు గుణాల్ని చేత్తో తడిమి తెలుసుకోమనేవాడు. 1923లో ఇట్టెన్ వెళ్ళిపోయాక ఆ కోర్సు లాస్లో మొహోలీ నాగీ, యోసెఫ్ ఆల్బర్స్ చేతుల్లోకి వచ్చింది. ఆల్బర్స్ కూడా అంతకు మూడేళ్ల ముందు అక్కడ విద్యార్థిగా చేరినవాడే.

ఆల్బర్స్ తరగతి గురించి హాన్నెస్ బెక్‌మన్ అనే శిష్యుడు రాసిపెట్టిన జ్ఞాపకం డిజైన్ బడుల్లో నేటికీ చెప్పుకుంటారు. ఆల్బర్స్ ఒకరోజు చంకలో పాత వార్తాపత్రికల కట్ట పెట్టుకుని వచ్చాడు. తలా కొన్ని కాగితాలు పంచాడు. వీటితో ఇప్పుడున్నదానికంటే మెరుగైనదేదైనా చేయండి, కాగితం స్వభావాన్ని గౌరవించండి, వీలైతే జిగురు, కత్తెర ముట్టకండి అని చెప్పి బయటికి వెళ్ళిపోయాడు. కొన్ని గంటల తర్వాత తిరిగి వచ్చేసరికి కోటలు, పడవలు, విమానాలు, ముసుగులు, జంతువులు తయారై ఉన్నాయి. అవన్నీ చిన్నపిల్లల బడిలో చేసేవనీ, వేరే సామగ్రితో అంతకంటే బాగా చేయవచ్చనీ పక్కన పెట్టేశాడు. హంగరీ నుంచి వచ్చిన ఓ కుర్రవాడు కాగితాన్ని నిలువునా మడిచి, మడతల తెరలా నిలబెట్టాడు. ఇంకేమీ చేయలేదు. ఆల్బర్స్ మెచ్చింది దాన్నే. మెత్తని కాగితం మడత పడగానే గట్టిపడి, తన అతిసన్నని అంచు మీద నిలబడింది. బల్ల మీద పడి ఉన్నప్పుడు ఒక పక్కే కనిపించిన కాగితానికి ఇప్పుడు రెండు పక్కలూ పని చేస్తున్నాయి. ఆ తరగతిలో అంత ఓపిగ్గా విడమరచి చెప్పాడాయన.

తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించకూడదు. అవధానంలో నిషిద్ధాక్షరి చేసే పృచ్ఛకుడు ఒక్కో అక్షరాన్నీ వద్దంటూ దారులు మూస్తుంటే, అవధాని తనకూ తెలియని దారిలో పద్యం నడిపిస్తాడు. ఆల్బర్స్ జిగురు వద్దన్నదీ అందుకే. నీ ఇష్టం వచ్చింది గీసుకో అంటే విద్యార్థి చేతికి అలవాటైందే గీస్తాడు. ఒక దారి మూసేస్తే ఆలోచన మొదలవుతుంది. డిజైన్ చదువులో ‘అసైన్‌మెంట్’ అనే ఆచారానికి ప్రాణం ఆ నిబంధనలోనే ఉంది. మంచి గురువు మార్కుల కంటే ముందు నిబంధన గురించే తలబద్దలు కొట్టుకుంటాడు.

బౌహౌస్‌కూ భారతదేశానికీ చుట్టరికం చాలా తొందరగానే కుదిరింది. 1922 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ వార్షిక ప్రదర్శనలో బౌహౌస్ గురువులు క్లే, కాండిన్‌స్కీ, ఇట్టెన్, ఫైనింగర్ చిత్రాలు వచ్చి వేలాడాయి. శాంతినికేతన్‌లో ఉన్న కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్‌రిష్ ఇట్టెన్‌కు ఉత్తరాలు రాసి వాటిని తెప్పించింది. టాగోర్ ప్రోత్సాహం సరేసరి. శాంతినికేతన్ కళాభవనం కూడా బౌహౌస్ పుట్టిన 1919లోనే మొదలవడం విశేషం. అక్కడ నందలాల్ బోస్ విద్యార్థుల్ని నాలుగు గోడల మధ్య ఉంచలేదు. గోడచిత్రాలు, నాటకాల అలంకరణ, పండుగ ముగ్గులు, అన్నిట్లోనూ చేయి పెట్టించాడు. 1938 హరిపుర కాంగ్రెస్ మహాసభల పోస్టర్లు ఆ వాతావరణంలోంచే వచ్చాయి.

ఆ బడి చేసిన అతిపెద్ద ప్రాజెక్టు భారత రాజ్యాంగ మూలప్రతి. ప్రేమ్ బిహారీ నారాయణ్ రైజాదా అక్షరాలు రాస్తే, నందలాల్ బోస్, ఆయన శిష్యులు పుటల్ని బొమ్మలతో, అంచులతో అలంకరించారు. ప్రవేశిక పుట అలంకరణ బ్యోహార్ రామమనోహర్ సిన్హాది. అశోక స్తంభం సింహాల్ని గీసే బాధ్యత దీనానాథ్ భార్గవ అనే యువ విద్యార్థి మీద పడింది. సారనాథ్ శిల్పాన్ని చూసి దించేయడం నందలాల్‌కు సరిపోలేదు. సింహం నడక, కూర్చునే తీరు, ముఖ కవళికలు కళ్లారా చూసి రమ్మన్నారు. భార్గవ కలకత్తా జంతు ప్రదర్శనశాలకు పదే పదే వెళ్ళి బోను ముందు నిలబడి స్కెచ్‌లు వేసుకున్నాడు. రాతిలో ఉన్నది కాగితం మీదికి రావడానికి బతికున్న సింహం దగ్గరికి పంపడం, ఒక గురువు ఇవ్వగలిగిన గొప్ప అసైన్‌మెంట్లలో ఒకటి.

1933లో నాజీల ఒత్తిడితో బౌహౌస్ మూతపడింది. గురువులు, శిష్యులు చెదిరిపోయారు. చెదిరినవారిలో చాలామంది వెళ్ళిన చోట ఆ పద్ధతిని నాటారు. ఆల్బర్స్ అమెరికాలో బ్లాక్ మౌంటెన్ కాలేజీకి, ఆ తర్వాత యేల్‌కు వెళ్ళాడు. మొహోలీ నాగీ 1937లో షికాగోలో న్యూ బౌహౌస్ పెట్టాడు. బౌహౌస్‌లో కొద్దికాలం చదివిన మాక్స్ బిల్, యుద్ధం ముగిశాక ఓట్ల్ ఐఖర్, ఇంగె షోల్ దంపతులతో కలిసి జర్మనీలోని ఉల్మ్‌లో 1953లో మరో బడి మొదలుపెట్టాడు. ఆ ఉల్మ్‌లో చదువుకుని తిరిగివచ్చిన సుధాకర్ నాడకర్ణి 1969లో ఐఐటీ బొంబాయిలో ఇండస్ట్రియల్ డిజైన్ సెంటర్ స్థాపనకు కారకుడయ్యాడు. అందరూ దాన్ని ఐడీసీ అంటారు. తర్వాత గువాహటి ఐఐటీలో డిజైన్ శాఖకూ పునాది ఆయనదే.

అహ్మదాబాద్ దారి వేరు. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు దేశమంతా తిరిగి 1958 ఏప్రిల్‌లో ప్రభుత్వానికి ‘ఇండియా రిపోర్ట్’ ఇచ్చారు. అందులో వారు అన్నిటికంటే అందమైనదిగా ఎంచింది మన నీళ్ల చెంబును. చంకన పెట్టుకుంటే ఎలా ఉంటుంది, నెత్తిన పెట్టుకుంటే ఎలా ఉంటుంది, నిండినప్పుడు బరువు ఎటు మొగ్గుతుంది, వంచితే ధార ఎలా పడుతుంది, ఖరీదెంత, ఇంకో పాత్రకు తగిలితే ఎలా మోగుతుంది అంటూ ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ పోయారు. నిజానికి అదొక పూర్తి సెమిస్టరు పాఠం. ఆ నివేదిక ఆధారంగా 1961లో అక్కడ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) పుట్టింది. గౌతమ్ సారాభాయ్, గీరా సారాభాయ్ దాన్ని సాకారు. 1965లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నుంచి ఆర్మిన్ హాఫ్‌మన్ వచ్చి గ్రాఫిక్ డిజైన్ పాఠాలు చెప్పారు. చుక్క, గీత, నలుపు, తెలుపు. వీటితోనే నెలల తరబడి కసరత్తు.

ఆ రోజుల్లో విద్యార్థి చేతిలో కంప్యూటర్ లేదు. కార్ట్రిడ్జ్ షీటు, పోస్టర్ రంగులు, రూలింగ్ పెన్ను, కంపాసు, గమ్ము. ఒక లోగో కోసం ముందు బొటనవేలి గోరంత బొమ్మలు పేజీ నిండా గీసుకోవాలి. అందులో నాలుగైదు ఏరి, పెద్దవి చేసి, నల్ల ఇంకుతో అంచులు చెదరకుండా నింపాలి. చేయి వణికితే తెల్ల రంగుతో దిద్దాలి. తర్వాత దాన్ని కుదించి చూడాలి. చిన్నదైతే సందులు పూడిపోతున్నాయా, దూరానికి ముద్దలా కనిపిస్తోందా, రంగు తీసేసినా నిలబడుతోందా అని గోడకు అంటించి, వెనక్కి నడిచి, కళ్ళు చికిలించి చూడాలి. ఆ పైన జ్యూరీ. గోడ మీద పని, ఎదురుగా గురువులు, పక్కన తోటి విద్యార్థులు. ఈ వంపు ఇక్కడెందుకు తిరిగిందంటే జవాబుండాలి.

ఈ చదువులోంచే దూరదర్శన్ గుర్తు వచ్చింది. 1959లో ఢిల్లీలో ప్రయోగంగా మొదలైన టెలివిజన్ 1976లో ఆకాశవాణి నుంచి విడివడి సొంత సంస్థ అయింది. దానికో గుర్తు కావాలి. ఆ పని ఎన్‌ఐడీకి వచ్చింది. అధ్యాపకుడు వికాస్ సత్వలేకర్ దాన్ని తరగతి పనిగా విద్యార్థులకు ఇచ్చారు. విద్యార్థులవి ఎనిమిది, అధ్యాపకులవి ఆరు, మొత్తం 14 డిజైన్లు ఢిల్లీ వెళ్ళాయి. ప్రధాని ఇందిరాగాంధీ ఎంచుకున్నది దేవాశీష్ భట్టాచార్య అనే విద్యార్థి గీసినదాన్ని. మధ్యలో ఒక గుండ్రం, దాని చుట్టూ ఎదురెదురుగా తిరిగిన రెండు వంపులు. చైనావారి యిన్, యాంగ్ బొమ్మ ఆ వంపులకు ప్రేరణ. చూసినవారికి అందులో మనిషి కన్ను కనిపించింది.

అది తెర మీద తిరుగుతూ ఏర్పడే దృశ్యాన్ని తయారుచేసింది కూడా ఎన్‌ఐడీ విద్యార్థే, ఆర్.ఎల్. మిస్త్రీ. లోగో నకళ్ళను కెమెరా కింద తిప్పుతూ, అసలు రూపం కుదురుకునేదాకా ఒక్కో ఫ్రేమూ తీశాడు. పండిట్ రవిశంకర్, షెహనాయ్ విద్వాంసుడు అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కలిసి కూర్చిన బాణీ దానికి తోడైంది. అప్పటి తెరలు నలుపు తెలుపువి. ప్రసారం సరిగా అందని ఊళ్ళలో బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వచ్చేది. ఆ చుక్కల మధ్య కూడా లావాటి వంపులు స్పష్టంగా కనిపించేవి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నడిచిన ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీలు చేరినప్పుడు ఆంధ్రప్రదేశ్ పల్లెలూ వాటిలో ఉన్నాయి. 1977లో హైదరాబాద్ కేంద్రం వచ్చింది. ఆ తర్వాత రెండు తరాల తెలుగు ఇళ్ళలో వార్తలకు ముందు ఆ కన్ను తెరుచుకుంది. 2017లో ప్రసార భారతి కొత్త లోగో కోసం పోటీ పెట్టినప్పుడు దేశమంతటి నుంచీ వేల ఎంట్రీలు వచ్చాయి. అయినా పాత కన్ను చెక్కుచెదరలేదు. రంగులు మారాయేమో గానీ ఆ వంపులు అలాగే ఉన్నాయి. ఇంతమంది చూసిన బొమ్మ గీసినవారి పేరు ఏ సాయంత్రమూ తెర మీద పడలేదు.

అమెరికాలో కథలు ఇంకో తీరుగా నడిచాయి. పోర్ట్‌లండ్ స్టేట్ యూనివర్సిటీలో గ్రాఫిక్ డిజైన్ చదువుతున్న కరోలిన్ డేవిడ్‌సన్, ఆయిల్ పెయింటింగ్ సామాన్లు కొనుక్కునే స్తోమత తనకు లేదని ఎవరితోనో అంటుండగా, అక్కడ అకౌంటింగ్ పాఠాలు చెప్పే ఫిల్ నైట్ విన్నాడు. ఆయనకు బూట్ల వ్యాపారం ఉంది. గంటకు రెండు డాలర్లకు చిన్నచిన్న పనులు ఇచ్చాడు. 1971లో బూటు పక్కన వేసుకోవడానికి వేగం స్ఫురించే గీత కావాలన్నాడు. ఆమె చూపినవాటిలో ఏదీ ఆయన మనసుకు పూర్తిగా పట్టలేదు. పెట్టెల తయారీకి గడువు ముంచుకొస్తుండటంతో ఒకటి ఎంచుకున్నాడు. బిల్లు 35 డాలర్లు. అదే నైకీ గుర్తు. 1983లో కంపెనీ ఆమెను పిలిచి, ఆ గుర్తు చెక్కిన వజ్రపుటుంగరం, కొన్ని షేర్లు ఇచ్చింది. విద్యార్థి పనికి వెల కట్టడం ఎంత కష్టమో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా డిజైన్ కాలేజీల్లో ఈ ఉదంతమే ఎత్తుకుంటారు. ఆ వెల తక్కువని ఈనాడు ఎవరైనా అంటారు. కంపెనీ తన తప్పు కొంతైనా దిద్దుకున్నది. అలా దిద్దుకోనివి ఎన్నో.

ఇక మూడు బాణాల సంగతి. షికాగోలోని కంటైనర్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా అట్టపెట్టెల కంపెనీ. పాత కాగితాన్ని తిరిగి వాడి చేసిన అట్టకు ఒక గుర్తు కోసం 1970లో విద్యార్థులకు పోటీ పెట్టింది. మొదటి ధరిత్రీ దినం జరిగిన ఏడాది అది. 500కు పైగా ఎంట్రీలు వచ్చాయి. గెలిచినవాడు సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ విద్యార్థి గ్యారీ ఆండర్సన్. బహుమతి 2,500 డాలర్లు, అదీ పైచదువుకు. చిన్నప్పుడు బడివాళ్ళు పత్రికాఫీసుకు తీసుకెళ్ళినప్పుడు, కాగితం రోలర్ల మీదుగా మెలికలు తిరుగుతూ పరుగెత్తడం చూశాడు. ఆ మెలిక, ఒకే పక్క ఉండే మోబియస్ పట్టీ రెండూ కలిసి ఆ బాణాలయ్యాయి. గీయడానికి ఒకటి రెండు రోజులు పట్టిందని ఆయనే చెప్పారు. ఏళ్ల తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ వీధిలో పెద్ద చెత్తడబ్బా మీద తన గుర్తు చూసి ఉలిక్కిపడ్డారు.

ఆ కంపెనీకి అంతకుముందు అధిపతిగా ఉన్న వాల్టర్ పేప్కే ఒకప్పుడు మొహోలీ నాగీ షికాగో బడిని ఆదుకున్నవాడు. కొలరాడో కొండల్లోని ఆస్పెన్‌లో డిజైన్ సదస్సులకు అండగా నిలిచినవాడు. ఆస్పెన్‌లో 1970 పోటీకి న్యాయనిర్ణేతలుగా కూర్చున్నవారిలో పేరున్న డిజైనర్లు సాల్ బాస్, ఎలియట్ నోయిస్‌లతో పాటు ఒక తెల్లజుట్టు పెద్దాయన ఉన్నాడు. అతనే హెర్బర్ట్ బేయర్. 23 ఏళ్ల వయసులో బడిలో ఉండగానే కోట్ల మార్కుల నోట్లు గీసినవాడు, 70 ఏళ్ల వయసులో 23 ఏళ్ల మరో విద్యార్థి గీసిన గుర్తును ఎంచాడు. ఒక పద్ధతి చేతులు మారడమంటే ఏమిటో చూడాలంటే ఈ ఇద్దరినీ చూడాలి. ఆ గుర్తును కంపెనీ సొంతం చేసుకోవాలని మొదట ప్రయత్నించి, చివరికి వదులుకుంది. అందుకే ఈనాడు అది అందరిదీ అయింది.

అదే కాలంలో తెలుగువాళ్ల గ్రాఫిక్ డిజైన్ ఎక్కడుంది? మద్రాసులో, సినిమా పబ్లిసిటీ ఆఫీసుల్లో. అక్కడ అసైన్‌మెంట్లు, జ్యూరీలు లేవు. గురువు దగ్గర చేరి, బ్రష్షులు కడిగి, టైటిల్ అక్షరాలు నింపుతూ నేర్చుకోవడమే. పాలకొల్లు నుంచి వెళ్ళిన ఈశ్వర్, పోస్టర్ల కళాకారుడు కేతా దగ్గర పని నేర్చి, 1967 నాటి బాపు ‘సాక్షి’తో సొంతంగా పోస్టర్లు మొదలుపెట్టి, దశాబ్దాల పాటు తెలుగు గోడల్ని ఏలారు. ఆ తర్వాత ‘సినిమా పోస్టర్’ అనే పుస్తకమూ రాసి, ముందుతరం పేర్లు మరుగున పడకుండా చూశారు. ఆ ఆఫీసుల్లో కుర్రాడు గీసిన అక్షరం మర్నాడే గోడెక్కేది. తప్పు చేసి నేర్చుకునే తీరికే ఉండేది కాదు. కాలేజీ ఇచ్చేది ఆ తీరికను. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీ అప్లయిడ్ ఆర్ట్ విద్యార్థులకు అది దక్కింది. అక్కడి నుంచి వచ్చినవారు ఆ తర్వాత ప్రకటనల కంపెనీల్లో, పత్రికల్లో నిలదొక్కుకున్నారు.

రూపాయి గుర్తు కథ 2009 మార్చిలో కేంద్ర ఆర్థికశాఖ పెట్టిన బహిరంగ పోటీతో మొదలైంది. మూడు వేలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. అయిదు మిగిలాయి. 2010 జులై 15న కేంద్ర మంత్రివర్గం ఎంచింది డి. ఉదయ్‌కుమార్ డిజైన్‌ను. తమిళనాడువాడు, ఆర్కిటెక్చర్ చదివి ఐడీసీకి వచ్చి, అప్పటికి అక్కడే తమిళ అచ్చక్షరాల మీద పరిశోధన ముగిస్తున్నాడు. అంతకుముందు ఎం.డిజైన్‌లో ‘పరాశక్తి’ అనే తమిళ ఫాంటు చేశాడు. ఫలితం వచ్చిన మర్నాడే గువాహటి ఐఐటీలో అధ్యాపకుడిగా చేరాడు. నాడకర్ణి పునాది వేసిన శాఖ అదే.

దేవనాగరి ‘ర’, నిలువుగీత తీసేసిన రోమన్ ‘ఆర్’ ఒకదాంట్లో ఒకటి ఒదిగాయి. పైన రెండు సమాంతర గీతలు. గుర్తు ప్రకటించిన కొద్దిరోజులకే మంగళూరు కుర్రాళ్ళ కంపెనీ ఫొరాడియన్ ఒక ఫాంటు విడుదల చేసింది. కీబోర్డులో ఒకటి అంకె పక్కనున్న, ఎవరూ వాడని మీట నొక్కితే రూపాయి పడేది. అక్టోబరులో యూనికోడ్ 6.0లో దానికి శాశ్వత స్థానం దక్కింది. 2011 నుంచి నాణేల మీదికి ఎక్కింది. అక్షరాల మీద ఏళ్ల తరబడి కూర్చున్నవాడే ఈ పోటీ గెలవడం ఎంతో సబబుగా ఉంది. చూడటానికి అది నాలుగు గీతలే. ఆ గీతల లావు, ఎడం, వంపు తిరిగే చోటు ఏ ఫాంటులోనైనా పక్కనున్న అంకెలతో పొత్తు కుదరాలి. అది అచ్చక్షరాల పనివాడికే పట్టుబడే విద్య.

ఐడీసీలో ఆ అక్షరాల సంప్రదాయానికి పెద్దదిక్కు ఆర్.కె. జోషీ. జె.జె.లో చదివి, ప్రకటనల రంగంలో పనిచేసి, బోధనకు వచ్చినవారు. కుంచె, కలం, తాడు, బట్ట, ఏది దొరికితే దానితో విద్యార్థుల చేత అక్షరాలు రాయించేవారు. విండోస్ కంప్యూటర్లలో ఏళ్ల తరబడి తెలుగువాళ్ళు చూసిన ‘గౌతమి’ ఫాంటు ఆయన మార్గదర్శకత్వంలో తయారైందే. తెలుగు మాతృభాష కాని ఒక గురువు తెలుగు వత్తులతో కుస్తీ పట్టి, మనం చదివిన ఎన్నో ఈమెయిళ్ళకు, వెబ్ పేజీలకు రూపం ఇచ్చారు. ముంబయిలోని ఎక్ టైప్ బృందం తెలుగు కోసం చేసిన గుండ్రటి ఫాంటు పేరు ‘బాలూ తమ్ముడు’. ఆ బృందంలోనూ జె.జె., ఐడీసీ బడుల్లోంచి వచ్చినవారు ఉన్నారు.

తెలుగుగడ్డ మీద ఎన్‌ఐడీ 2015లో నాగార్జున విశ్వవిద్యాలయం ఆవరణలో తాత్కాలికంగా మొదలైంది. 2019లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది. కమ్యూనికేషన్ డిజైన్ అక్కడి శాఖల్లో ఒకటి. తెలుగు ఫాంటును చివరి ఏడాది ప్రాజెక్టుగా తీసుకునే విద్యార్థికి ఎదురయ్యే పని అంత తేలిగ్గా ఉండదు. 56 అక్షరాలు గీస్తే సరిపోదు. గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు కలిపి వందలు గీయాలి. తలకట్టు ఎంత లావుండాలి, ఏ కోణంలో లేవాలి అన్నది తేలితే గానీ ‘క’ కుదరదు. ‘పు’, ‘వు’లకు కొమ్ము కలిసే తీరు ‘కు’, ‘టు’లలో వేరు. ‘మ’, ‘య’లు ఒత్వం దగ్గర తమ దారి తాము చూసుకుంటాయి. ‘స్త్రీ’ వచ్చేసరికి పైన గుడిదీర్ఘం, కింద త వత్తు, దాన్ని పొదివి పట్టుకున్న క్రావడి ఒకేచోట పోగవుతాయి. వాటికి చోటిచ్చేలా వరుసల ఎడం పెంచితే పేజీ వెలవెలబోతుంది, తగ్గిస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ఆ విద్యార్థి అచ్చయిన దినపత్రికను, కరపత్రాన్ని, పాత సీసపు అచ్చుల పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకుని, కొలతబద్దతో వరుసల ఎడాలు కొలిచి, మళ్ళీ గీయడం మొదలుపెట్టాలి. ఫాంటు ఫైలు లోపల డిజైనర్ పేరుకు విడిగా ఒక గడి ఉంటుంది. పని ముగిశాక అక్కడ తన పేరు తెలుగు అక్షరాల్లోనే రాసుకోవచ్చు. ఆ ఫైలు ఎన్ని కంప్యూటర్లకు చేరినా పేరు దానితోపాటే వెళుతుంది.